కేప్ కాలనీ, 1894: ఓటరు జాబితా, జట్టు జాబితా

1892 మార్చిలో వాల్టర్ రీడ్ నాయకత్వాన వచ్చిన ఇంగ్లండ్ జట్టు కేప్ టౌన్‌లోని న్యూలాండ్స్ మైదానంలో దక్షిణాఫ్రికాను ఇన్నింగ్స్ 189 పరుగుల తేడాతో ఓడించింది. ఇంటికి ఓడ ఎక్కే ముందు అక్కడే మరో మ్యాచ్ ఆడింది. అవతలి పక్షం స్థానిక మలే (కేప్ ముస్లిం) క్రికెటర్లు. బలాబలాలు సరితూగడానికి ఆ కాలపు ఆనవాయితీ ప్రకారం పదకొండు మందికి బదులు పద్దెనిమిది మంది బరిలో దిగారు. మ్యాచ్ ఇంగ్లండ్‌దే. అయితే తిరిగి వెళ్లిన ఆటగాళ్లు మరిచిపోలేకపోయిన పేరు మాత్రం ఓడిన జట్టులోనిది. 50 పరుగులిచ్చి 4 వికెట్లు తీసిన ఆ ఫాస్ట్ బౌలర్‌ను అందరూ క్రోమ్ హెండ్రిక్స్ అనేవారు. డచ్ భాషలో ‘క్రోమ్’ అంటే వంకర. బ్యాట్స్‌మన్ల గుండెల్లో నిద్రపోయిన ఆస్ట్రేలియా బౌలర్ స్పొఫోర్త్‌తో అతణ్ని పోల్చినవాడు స్వయంగా రీడ్. మీరు ఎప్పుడైనా ఇంగ్లండ్‌కు జట్టును పంపితే ఇతణ్ని తప్పకుండా పంపండి, ఇతణ్ని చూడటానికి జనం వస్తారు అని కూడా చెప్పి వెళ్లాడు.

రెండేళ్ల తర్వాత, 1894 వేసవిలో, దక్షిణాఫ్రికా క్రికెట్ జట్టు మొదటిసారి ఇంగ్లండ్ వెళ్లింది. హెండ్రిక్స్ వెళ్లలేదు. తెల్లవాడు కాని అతణ్ని తీసుకోకూడదని చెప్పే నిబంధన ఏ పుస్తకంలోనూ లేదు. కేప్ టౌన్ రాజధానిగా ఉన్న బ్రిటిష్ వలస రాజ్యం కేప్ కాలనీలో ఏ చట్టంలోనూ ‘నల్లవారికి ఓటు లేదు’ అని కూడా రాసి లేదు. ఆ ఏడాదిని పట్టించుకోవలసిన కారణం ఇదే. జనవరి ఎన్నికల నుంచి ఆగస్టు చట్టం దాకా, మధ్యలో క్రికెట్ జట్టు ఎంపికతో సహా, పేర్లు కొట్టివేసే పని ఒకే పద్ధతిలో సాగింది. పైగా కొట్టివేసిన చేతులు చాలావరకు ఒక్కచోటివే.

కేప్ కాలనీకి 1853లో ప్రాతినిధ్య శాసనసభ వచ్చినప్పుడు ఓటు హక్కుకు జాతి ప్రసక్తి పెట్టలేదు. 25 పౌండ్ల విలువైన ఆస్తి స్వాధీనంలో ఉన్నా, ఏడాదికి 50 పౌండ్ల జీతం వస్తున్నా, వయోజన పురుషుడు ఎవరైనా ఓటరే. పక్కనున్న బోయర్ (డచ్ సంతతి రైతుల) రిపబ్లిక్కులు తెల్లవారికి తప్ప ఎవరికీ ఓటు ఇవ్వని రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు. కేప్ ఉదారవాదులు దీన్ని తమ ప్రతిష్ఠగా చెప్పుకునేవారు. ఆఫ్రికన్ ఓటర్లు తక్కువగా ఉన్నంతకాలం ఆ ప్రతిష్ఠకు ఖర్చేమీ లేకపోయింది. తూర్పు ప్రాంతంలో మిషన్ బడుల్లో చదువుకున్న ఆఫ్రికన్లు పెరిగి, కొన్ని నియోజకవర్గాల్లో గెలుపోటములు వారి చేతుల్లోకి వచ్చేసరికి లెక్క మారింది.

1887 నాటి ఓటరు నమోదు చట్టం ఉమ్మడి భూమిలో వాటాను ఆస్తిగా లెక్కించరాదని చెప్పింది. తెల్ల రైతుకు ఉమ్మడి భూమి ఉండదు. ఆఫ్రికన్ పల్లెలో ఉన్నదంతా ఉమ్మడి భూమే. చట్టంలో జాతి పేరు లేదు, దెబ్బ మాత్రం సరిగ్గా ఒక్కచోటే తగిలింది. అక్కడి ఆఫ్రికన్ల హోసా భాషలో జనం ఆ చట్టానికి పెట్టిన పేరుకు ‘నోరు కుట్టేయడం’ అని అర్థం. 1892లో మరో చట్టం వచ్చింది. ఆస్తి అర్హత 25 నుంచి 75 పౌండ్లకు పెరిగింది. పేరు, చిరునామా, వృత్తి స్వహస్తంతో రాయగలగాలన్న షరతు చేరింది. ఆ చట్టమే రహస్య బ్యాలెట్‌ను కూడా తెచ్చింది. ఓటు ఎవరికి వేశారో తెలియకుండా చేసే సంస్కరణ, ఓటు వేయగలవారిని తగ్గించే సంస్కరణ ఒకే కాగితం మీద వచ్చాయి.

ఇక్కడ జాన్ టెంగో జబావు ఇరకాటం చెప్పుకోవాలి. కింగ్ విలియమ్స్ టౌన్ నుంచి 1884లో ఆయన మొదలుపెట్టిన ‘ఇంవో జబంట్సుండు’ పత్రిక ఆఫ్రికన్ ఓటర్లకు గొంతు. రాజకీయాలతో పాటు ఆఫ్రికన్ క్రికెట్ క్లబ్బుల కబుర్లూ అందులో వచ్చేవి. ఓటు, క్రికెట్ రెండూ ఆ తరానికి నాగరిక పౌరసత్వపు గుర్తులే. 1892 బిల్లును జబావు వ్యతిరేకించాడు. కానీ ఆయన నమ్ముకున్న ఉదారవాద మిత్రులు రోజ్ ఇన్నెస్, మెరిమన్, సావర్ ముగ్గురూ అప్పుడు కేప్ ప్రధానమంత్రి సెసిల్ రోడ్స్ మంత్రివర్గంలోనే ఉన్నారు. పరిమితులు పెంచకపోతే ఇంకా ఘోరమైనది వస్తుందన్నది వారి వాదన. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది జబావు పరిస్థితి.

చట్టం ఒక వర్గానికి తగిలేలా రాయడం ఒక ఎత్తు. ఒకే ఒక్క మనిషి కోసం రాజ్యాంగాన్ని సవరించడం మరో ఎత్తు. ఆ మనిషి అహ్మద్ ఎఫెండి. ఆయన తండ్రి అబూబకర్ ఎఫెండిని ఒట్టోమన్ సుల్తాను 1860లలో కేప్ ముస్లింలకు మతబోధ చేయడానికి పంపాడు. (ఆ తండ్రి రాసిన మత గ్రంథం ఆఫ్రికాన్స్ భాషలో, అరబిక్ లిపిలో ఉంటుంది. నేడు బోయర్ల సొత్తుగా చెప్పుకునే భాష తొలినాళ్ల పుస్తకాల్లో అదొకటి.) ఆ ముస్లింలనే అప్పట్లో ‘మలేలు’ అనేవారు. డచ్చివారు ఇండోనేసియా దీవుల నుంచి, బెంగాల్ నుంచి, మన కోరమాండల్ తీరం నుంచి కూడా బానిసలుగా తరలించిన వారి సంతతి వారిలో ఉంది.

కేప్ టౌన్ నగరానికి శాసనసభలో నాలుగు స్థానాలు. ప్రతి ఓటరుకు నాలుగు ఓట్లు. నాలుగూ ఒకే అభ్యర్థికి గుత్తంగా వేయవచ్చు. అల్పసంఖ్యాకులు ఒక్కమాట మీద నిలిస్తే తమ మనిషిని గెలిపించుకోగల పద్ధతి అది. ఎఫెండి పోటీ చేస్తానన్నాడు. మలే ఓటర్లు గుత్త ఓటు వేస్తే గెలుస్తాడన్న లెక్క అందరికీ తెలుసు. దశాబ్దాలుగా ఎవరికీ అభ్యంతరం లేని ఆ పద్ధతిని 1893లో పార్లమెంటు హడావిడిగా రద్దు చేసింది. 1894 ఎన్నికలో ఎఫెండి ఓడిపోయాడు. చట్టంలో ఎక్కడా ఆయన పేరు గానీ మతం గానీ లేవు. ‘పాత పద్ధతి శాస్త్రీయం కాదు’ అనే తరహా వాదనలు చాలా వినిపించాయి.

ఈ కాలపు కేప్ ప్రజాజీవితంలో క్రికెట్ ఎంత లోతుగా కలిసిపోయిందో తెలియాలంటే జేమ్స్ లోగన్ కథ వినాలి. స్కాట్లండ్ నుంచి వచ్చిన లోగన్ కేప్ టౌన్, కింబర్లీ రైలు మార్గం మీద కారూ ఎడారి నడుమ మాట్యెస్‌ఫోంటైన్ అనే స్టేషనును కొని, హోటలు కట్టి, దాదాపు సొంత సంస్థానం చేసుకున్నాడు. రైలు ప్రయాణికులకు భోజనం పెట్టే కాంట్రాక్టులే అతని సంపద. క్రికెట్ అంటే పిచ్చి. 1891–92లో రీడ్ జట్టు పర్యటనకు 750 పౌండ్లు అప్పిచ్చాడు. డబ్బు తిరిగి రాకపోయేసరికి అతిథులని కూడా చూడకుండా కోర్టుకీడ్చి గెలిచాడు. క్షయ సోకిన ఇంగ్లండ్ మహా బౌలర్ జార్జ్ లోమన్‌ను ఎడారి గాలి కోసం తన ఊరికి తెచ్చి ఆదరించినవాడూ అతనే. 1896లో పోర్ట్ ఎలిజబెత్‌లో దక్షిణాఫ్రికాను 30 పరుగులకు కుప్పకూల్చి 7 పరుగులకు 8 వికెట్లు తీసిన ఆ లోమన్, 1901లో మాట్యెస్‌ఫోంటైన్‌లోనే కన్నుమూశాడు.

ఈ లోగన్‌కు ప్రభుత్వ నిర్మాణాల శాఖ మంత్రి జేమ్స్ సివ్‌రైట్ రైల్వే భోజనశాలలన్నింటి మీదా ఏళ్ల తరబడి గుత్తాధిపత్యం రాసిచ్చాడు. టెండరు లేదు, మంత్రివర్గానికి కబురు లేదు. అటార్నీ జనరల్‌గా ఉన్న రోజ్ ఇన్నెస్ చేతికి కాంట్రాక్టు చిక్కాక రభస మొదలైంది. సివ్‌రైట్‌తో కలిసి కూర్చోలేమని ముగ్గురు ఉదారవాదులూ తేల్చిచెప్పారు. రోడ్స్ ఎవరి పక్షమూ తీసుకోలేదు. 1893 మేలో మంత్రివర్గాన్నే రద్దు చేసి, సివ్‌రైట్‌నూ ఆ ముగ్గురినీ ఒకేసారి బయట పెట్టి కొత్తది కట్టుకున్నాడు. ఓటు హక్కు విషయంలో పెదవి కదపని మంత్రులు రైల్వే క్యాంటీను విషయంలో రాజీనామాకు సిద్ధపడటం చరిత్ర వేసే వెటకారాల్లో ఒకటి. ఫలితం మాత్రం వెటకారం కాదు. ఆఫ్రికన్ ఓటర్ల తరఫున లోపల మాట్లాడగల ముగ్గురూ బయటికి పోయారు. రోడ్స్, డచ్ రైతుల పార్టీ అయిన ఆఫ్రికానర్ బాండ్ మద్దతుతో, 1894 జనవరి, ఫిబ్రవరిల్లో జరిగిన ఎన్నికల్లో ఘనంగా గెలిచాడు. ఇంగ్లండ్ పర్యటనకు ఆటగాళ్లను ఎంచే చర్చ అదే సమయంలో జరుగుతోంది.

చర్చ అనడం కన్నా తర్జనభర్జన అనడం సబబు. హెండ్రిక్స్ ప్రతిభను ఎవరూ కాదనలేదు. దక్షిణాఫ్రికా క్రికెట్ సంఘం కార్యదర్శి, పత్రికారచయిత హ్యారీ కాడ్వలడర్ అతణ్ని పంపాలని గట్టిగా పట్టుబట్టాడు. జొహానెస్‌బర్గ్‌లోని ట్రాన్స్‌వాల్ (ఒక బోయర్ రిపబ్లిక్కు) సంఘం తను సూచించిన పేర్లలో హెండ్రిక్స్‌ను చేర్చింది. అడ్డు కేప్ టౌన్‌లో పడింది. అక్కడి వెస్టర్న్ ప్రావిన్స్ క్రికెట్‌కు పెద్దదిక్కు విలియం మిల్టన్. ఒకప్పుడు ఇంగ్లండ్‌కు రగ్బీ ఆడినవాడు, దక్షిణాఫ్రికా క్రికెట్ జట్టుకు కెప్టెన్‌గా చేసినవాడు, అన్నిటికీ మించి ప్రధానమంత్రి రోడ్స్ కార్యాలయంలో ఉన్నతోద్యోగి, ఆంతరంగికుడు. ఓటరు చట్టాల ఫైళ్లు తిరిగే గదికీ క్రికెట్ ఎంపిక సంఘానికీ మధ్య దూరం ఒక్క మనిషంత.

మధ్యేమార్గం అంటూ వచ్చిన సూచన ఇంకా అవమానకరం. హెండ్రిక్స్‌ను జట్టు సామాన్లు చూసుకునే పనివాడిగా తీసుకెళ్లి, అవసరమైతే బౌలింగ్ చేయించుకోవచ్చని కొందరన్నారు. ప్రముఖ బ్యాట్స్‌మన్ టాంక్రెడ్ కూడా, సమానుడిగా తీసుకెళ్లడం తగదు గానీ ఆ హోదాలో అయితే అభ్యంతరం లేదన్నాడు. హెండ్రిక్స్ పత్రికకు ఉత్తరం రాసి, ఆ హోదాలో వచ్చే ఆలోచనే తనకు లేదని తెగేసి చెప్పాడు. అంతటితో అతని పేరు జాబితాలోంచి పోయింది. జట్టు మేనేజరు అవుతాడనుకున్న కాడ్వలడర్‌కూ ఆ పదవి దక్కలేదు. ఎవరు కాదన్నారని అడిగితే ఒక్కరి పేరు చెప్పడం కష్టం. సంఘం, ఎంపికదారులు, కొందరు ఆటగాళ్లు, కార్యాలయం: తిలాపాపం తలా పిడికెడు.

ఒక ప్రశ్న మిగులుతుంది. ఆఫ్రికన్‌కు కలలో కూడా ఓటివ్వని బోయర్ రిపబ్లిక్కులోని క్రికెట్ సంఘం హెండ్రిక్స్ పేరు పంపింది. జాతి భేదం లేని ఓటు హక్కు గురించి గొప్పలు చెప్పుకునే కేప్ టౌన్ వద్దన్నది. ఇది తలకిందులుగా లేదా? జొహానెస్‌బర్గ్ వారు విశాల హృదయులని అనుకోవడం అమాయకత్వం. అక్కడ గీత చట్టంలోనే గీసి ఉంది. ఒక బౌలర్ ఓడెక్కినంత మాత్రాన అది చెరగదు. కాబట్టి వికెట్ల గురించి, టికెట్ల వసూళ్ల గురించి నిశ్చింతగా ఆలోచించే వెసులుబాటు వారికుంది. కేప్‌లో చట్టం గీత గీయలేదు. అందుకే చట్టం వెలుపలి ప్రతి గుర్తూ, పెవిలియన్‌లో ఎవరు కూర్చుంటారు, ఓడలో భోజనాల బల్ల దగ్గర ఎవరి పక్కన ఎవరు అన్నది కూడా, గీత పని చేయవలసి వచ్చింది. కాగితం మీద సమానత్వం ఉన్నచోట మైదానంలో అసమానతను మరింత జాగ్రత్తగా కాపలా కాస్తారు. అప్పటి వారెవరూ ఇలా విడమరచి రాయలేదు. కానీ 1887 నుంచి 1894 దాకా జరిగినవన్నీ వరుసగా పెట్టి చూస్తే మరో వివరణ పొసగదు.

హెర్బర్ట్ కాస్టెన్స్ నాయకత్వంలో వెళ్లిన జట్టు ఇంగ్లండ్‌లో 24 మ్యాచ్‌లు ఆడింది. 12 గెలిచింది, 5 ఓడింది, 7 డ్రా. లార్డ్స్‌లో డబ్ల్యు.జి. గ్రేస్ ఉన్న ఎంసీసీ (మేరిల్‌బోన్ క్రికెట్ క్లబ్) జట్టును ఓడించడం ఒక్కటే చెప్పుకోదగ్గ ముచ్చట. జనం పలచగా వచ్చారు, పర్యటన నష్టాల్లో ముగిసింది. రీడ్ చెప్పిన జనాకర్షణను ఇంటి దగ్గరే వదిలి వెళ్లిన ఫలితం ఖాతా పుస్తకంలో కనిపించింది.

జట్టు ఇంగ్లండ్‌లో ఆడుతుండగానే, జులై 30న, రోడ్స్ పార్లమెంటులో గ్లెన్ గ్రే బిల్లు మీద ప్రసంగించాడు. ఇది ఆఫ్రికా అంతటికీ వర్తించే బిల్లు అని గొప్పగా చెప్పుకున్నాడు. తూర్పున గ్లెన్ గ్రే జిల్లాలో ఉమ్మడి భూమిని కుటుంబానికి దాదాపు 4 మోర్గెన్ల చొప్పున, అంటే 8 ఎకరాల పైచిలుకు, ముక్కలు చేస్తారు. ముక్క పెద్దకొడుక్కే పోతుంది; మిగతా కొడుకులు కూలికి పోవాలి. ఏడాదిలో మూడు నెలలు జిల్లా బయట పని చేయని మగవాడు 10 షిల్లింగుల పన్ను కట్టాలి. గనులకు, పొలాలకు కూలీలను తోలే యంత్రం ఇది. ఇక అసలు మెలిక ఎక్కడంటే, ఇప్పుడు భూమి ఉమ్మడిది కాదు, పట్టా ఉన్న సొంత భూమి. 1887 చట్టం లెక్కన అది ఓటుకు అర్హత కావాలి. కాదు. ఈ భూమిని ఓటు అర్హతకు లెక్కించరాదని అదే చట్టంలో రాసేశారు. ఉమ్మడిది గనుక ఓటు లేదన్న నోటితోనే, సొంతమైనా ఓటు లేదన్నారు. ఆగస్టులో బిల్లు చట్టమైంది. పది షిల్లింగుల పన్ను సరిగా వసూలు కాక 1905లో రద్దయింది, మిగతాది నిలిచింది.

సరిగ్గా ఆ నెలలోనే, పక్కనున్న నేటాల్ వలస రాజ్యంలో, తెలుగువారికి నేరుగా సంబంధించిన కథ ఒకటి నడిచింది. 1860 నవంబరులో మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడ డర్బన్ రేవు చేరినప్పటి నుంచి చెరకు తోటలకు ఒప్పంద కూలీల రవాణా సాగుతూనే ఉంది. 1911లో అది ఆగేసరికి వచ్చినవారి సంఖ్య 1,52,184. వారిలో మూడింట రెండు వంతుల మంది మద్రాసు మీదుగా ఎక్కినవారు. తమిళులతో పాటు విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు వంటి జిల్లాల తెలుగువారు. 1893లో స్వపరిపాలన పొందిన నేటాల్ శాసనసభ 1894లో భారతీయుల ఓటు హక్కు తీసేసే బిల్లు తెచ్చింది. మోహన్‌దాస్ గాంధీ అనే పాతికేళ్లు నిండని న్యాయవాది ఇంటికి తిరుగు ప్రయాణం మానుకుని మహజర్లు రాయడం మొదలుపెట్టాడు. ఆగస్టు 22న నేటాల్ ఇండియన్ కాంగ్రెస్ పుట్టింది. బిల్లులో ‘ఆసియావాసులు’ అని బాహాటంగా రాసినందుకు లండన్ ఇబ్బందిపడింది. నేటాల్ పాఠం నేర్చుకుంది. 1896లో మళ్లీ తెచ్చిన చట్టం, పార్లమెంటరీ ఓటు మీద ఆధారపడిన ప్రాతినిధ్య సంస్థలు లేని దేశాల వారికి ఓటు లేదన్నది. ఇండియా అన్న మాట లేదు. లండన్ సంతకం పెట్టింది. కేప్ పద్ధతి అంతకంతకూ పక్క ఊళ్లకు పాకింది.

హెండ్రిక్స్ విషయంలో రోడ్స్ స్వయంగా జోక్యం చేసుకున్నాడా అన్న సందేహాన్ని అతనే తీర్చాడు. కొద్దికాలం తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో, అప్పుడు విద్యార్థిగా ఉండి తర్వాత ఇంగ్లండ్ కెప్టెన్ అయిన పెల్హమ్ వార్నర్‌తో, ఆ నల్లవాణ్ని పంపమన్నారు గానీ తాను ఒప్పుకోలేదని, భోజన విరామంలో అతను బూమరాంగ్‌లు విసరాలని మీవాళ్లు ఆశించేవారని అన్నట్టు వార్నర్ గుర్తు చేసుకున్నాడు. 1868లో ఇంగ్లండ్ వచ్చిన ఆస్ట్రేలియా ఆదివాసీ జట్టు బూమరాంగ్ ప్రదర్శనలిచ్చింది. ఆ జ్ఞాపకాన్ని రోడ్స్ ఖండం మార్చి హెండ్రిక్స్‌కు అంటగట్టాడు. అదే దశకంలో ఇంగ్లండ్ సెలెక్టర్లు రంజిత్‌సిన్హ్‌జీని తీసుకోవాలా వద్దా అని నీళ్లు నమిలి, చివరకు 1896లో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఆడించారు. 62, 154 నాటౌట్. అతను రాజకుటుంబీకుడు, కేంబ్రిడ్జ్ మనిషి కావడం పనికొచ్చింది. హెండ్రిక్స్‌కు ఉన్నది చేతివేగం ఒక్కటే.

గీత రాసి లేకపోతే అది కంటిచూపును బట్టి కదులుతుంది. 1896 మార్చిలో దక్షిణాఫ్రికా తరఫున మొదటి టెస్టు ఆడిన చార్లీ లెవెలిన్ నేటాల్‌లో పుట్టినవాడు. అతని తల్లి సెయింట్ హెలీనా దీవి మూలాలున్న నల్ల మహిళ అని చెబుతారు. రంగు కాస్త తేలిక. అతణ్ని ఆడించారు. అదే సిరీస్‌కు హెండ్రిక్స్‌ను మళ్లీ పక్కన పెట్టారు. 1897 నాటికి కేప్ టౌన్ క్లబ్ పోటీల్లో కూడా అతణ్ని ఆడనివ్వలేదు. ఒక జట్టు విషయంలో ‘ఈసారికి వద్దులే’ అన్న మాట మూడేళ్లలో మొత్తం ఆటకు కట్టుబాటు అయింది.

ఆ వేరుపాటును పటిష్ఠం చేయడానికి డబ్బు కూడా దొరికింది. మిశ్రమ జాతి ఆటగాళ్ల రగ్బీ బోర్డు కింబర్లీలో పెట్టుకున్న టోర్నమెంటుకు కప్పు బహూకరించినవాడు సెసిల్ రోడ్స్. ఆడండి, కప్పు కూడా ఇస్తాను, అయితే మీలో మీరే ఆడుకోండి. మిల్టన్ ఆ తర్వాత రొడీషియా (నేటి జింబాబ్వే) పాలనాధికారిగా వెళ్లి సర్ బిరుదు పొందాడు. కేప్ ఓటరు జాబితా నుంచి ఆఫ్రికన్లను 1936లో, మిశ్రమ జాతి వారిని 1956లో వేరు చేసేశారు. అప్పటికి మొహమాటాలు అక్కర్లేకపోయాయి. చట్టంలో జాతి పేరు పెట్టే రాశారు.

దక్షిణాఫ్రికా 1970 దాకా ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతో తప్ప టెస్టులు ఆడలేదు. వర్ణవివక్ష కారణంగా ఎదుర్కొన్న బహిష్కరణ ముగిశాక సొంతగడ్డ మీద తొలి టెస్టు 1992 నవంబరు 13న మొదలైంది. మైదానం డర్బన్‌లోని కింగ్స్‌మీడ్, ‘ట్రూరో’ ఓడ లంగరు వేసిన ఊరు. ప్రత్యర్థి భారత్, కెప్టెన్ హైదరాబాదీ మహమ్మద్ అజహరుద్దీన్. దక్షిణాఫ్రికా పదకొండు మందిలో కేప్‌కు చెందిన, తెల్లవాడు కాని ఎడమచేతి స్పిన్నర్ ఒమర్ హెన్రీ ఉన్నాడు. అప్పటికి అతనికి నలభయ్యేళ్లు.